విద్యార్థి ముఠాల కథ : ‘శివ’ చిత్రమునకు వెనుకయు ముందును

రాజపాళయమునకు చేరువనున్న సత్రపట్టి గ్రామము మగ్గములకు పేరొందినది. అచ్చట నేయు పలుచని తెల్లగుడ్డ దూరదేశముల ఆసుపత్రులకు పోయి, ఎవరెవరి గాయములకో కట్టుగా మారుచున్నది. ఆ గాయము ఎట్లు తగిలినదో, కొట్టినవాడెవడో, కొట్టించినవాడెవడో ఆ గుడ్డకు తెలియదు. తెలియవలసిన అక్కరయు లేదు. చరిత్రను తెలిసికొనగోరువాడు మాత్రము ఆ మూడు ప్రశ్నలను విడువరాదు. ఆ మూటిలో చివరిదే ముఖ్యమైనదని చూపుటకే ఈ చిన్న వ్యాసము.

ఇందలి విషయము ఒక చలనచిత్రము. 1989వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన తెలుగునాట విడుదలయైన ‘శివ’, మీసకట్టు దిద్దుకొను వయస్సున కళాశాలలో చేరిన కుర్రవాండ్రు రెండు ముఠాలుగా చీలి కొట్టుకొను కథ. మరుసటి సంవత్సరము అదియే ‘ఉదయం’ అను పేర తమిళపు మాటలు తొడిగికొని తమిళనాటికి వచ్చినది. సంఘముల సంచికలలో ఆలయములను గూర్చియు, వలసలను గూర్చియు, మహాపురుషులను గూర్చియు వ్రాయుట వాడుక. ముఠాల సినిమాకు ఆ వరుసలో చోటేమి యని పెద్దలు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దానికి సమాధానము మన యింటనే కలదు.

విజయనగర కాలమునను, ఆ పిమ్మటను తెలుగుదేశమునుండి దక్షిణమునకు తరలివచ్చిన రాజుల కుటుంబములు పడమటి కనుమల నీడలో నిలిచి పెంచుకొన్న యూరు రాజపాళయము. 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగాను, పిదప ముఖ్యమంత్రిగాను పనిచేసిన పూసపాటి సంజీవి కుమారస్వామి రాజాగారిది ఈ యూరే. 1936లో రాజపాళయము మిల్లును నెలకొల్పిన పి.ఏ.సి. రామసామి రాజాగారిదియు ఈ యూరే. ఇన్ని తరములు గడచినను ఇంట తెలుగు మాట నిలిచినది. బడిలోను, అంగడిలోను తమిళము నిలిచినది. తెలుగు మాటలాడనేర్చి చదువనేరని వారు మనలో ఎందరో కలరు. అట్టివారికి తెలుగు సినిమాయే తెలుగు పుస్తకము. ఆ పుస్తకము మన పిల్లల చేతికి ఏమి అందించుచున్నదో విచారించుట పెద్దల పనియే కదా!

పల్నాటి బాలుడు

కుర్రవాండ్ర జట్లు కలహించుకొను కథ తెలుగువారికి సినిమా నేర్పినది కాదు. మన పల్నాటి వీరుల కథ అట్టిదే. పన్నెండవ శతాబ్దిలో గురజాల నేలిన నలగామరాజునకును, మాచెర్ల నేలిన మలిదేవరాజునకును పొత్తు చెడినది. ఒక ప్రక్క నాయకురాలు నాగమ్మ, ఒక ప్రక్క బ్రహ్మనాయుడు. కోడిపందెమున ఓడినవారు అరణ్యవాసము చేయవలెనని ఒడ్డు పెట్టుకొనిరి. మాచెర్లవారు ఓడి అడవులు పట్టిరి. గడువు తీరినను రాజ్యము తిరిగి దక్కలేదు. రాయబారము సాగలేదు. చివరకు కారెంపూడి రణరంగమయ్యెను.

ఈ పందెము పన్నినవారు పెద్దలు. రాజ్యము కోరినవారు పెద్దలు. రణమున ముందు దుమికినవాడు మాత్రము బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు. పేరులోనే బాల్యమున్న కుర్రవాడు. అతడు బొంగరములాడుకొను వేళ ఒక స్త్రీకి దెబ్బ తగులగా, ఆమె ఎత్తిపొడిచిన మాటవలన యుద్ధవార్త తెలిసికొనెనని కథ. అతనితో పోయినవారు అనపోతు మొదలగు తోడివారు, వేర్వేరు కులములలో పుట్టియు ఒక్క తల్లి బిడ్డలవలె మెలగినవారు. నవవధువు మాంచాలను విడిచి బాలచంద్రుడు కారెంపూడికి పోయెను, తిరిగి రాలేదు. నేటికిని కార్తికమాసమున కారెంపూడిలో ఆ వీరులకు ఆరాధనములు జరుగుచున్నవి.

ఈ కథను 1947లో ‘పల్నాటి యుద్ధం’ అను పేర చలనచిత్రముగా తీసిరి. గూడవల్లి రామబ్రహ్మముగారు ఆరంభించి, నడుమనే కాలధర్మము చెందగా, ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడు; కన్నాంబగారు నాగమ్మ. బాలచంద్రుని వేషము వేసిన యువకుడు అక్కినేని నాగేశ్వరరావు. నలువదిరెండు సంవత్సరముల పిమ్మట అతని కుమారుడు నాగార్జున ‘శివ’ వేషము ధరించెను. తండ్రి చేత కత్తి. కుమారుని చేత సైకిలు గొలుసు. ఆయుధము మారినది, వేషము మారినది. పెద్దల తగవును పిల్లల మీద వేయు రీతి మారలేదు. ఈ పోలికను ఎవరును పనిగట్టుకొని కూర్చినట్లు కానరాదు. అయినను చరిత్ర చదువువారికి ఇది ఊరక త్రోసివేయదగినది కాదు.

పరదేశపు పోలికలు

పడమటి దేశములందును ఇట్టి కథలు కలవు. షేక్స్పియరు రచించిన రోమియో జూలియట్ల నాటకమున వెరోనా నగరపు వీథులలో కత్తులు దూయువారు ఎక్కువగా యువకులే. వైరము మాత్రము రెండిండ్ల పెద్దలది. ఆ వైరమునకు కారణమేమో నాటకమున ఎక్కడను చెప్పబడలేదు. పుట్టుక తెలియని పగ పిల్లలను మింగినదని భావము.

ఆ నాటకమునే న్యూయార్కు నగరపు పేదవాడలకు మార్చి 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ అను సంగీతరూపకమును ఆడిరి. 1961లో అది చలనచిత్రమై పది ఆస్కారు బహుమతులు పొందెను. అందు జెట్స్ అను ముఠావారు ఆ నగరముననే పుట్టిన తెల్లవారి బిడ్డలు. షార్క్స్ అను ముఠావారు పోర్టోరికో నుండి వలసవచ్చిన కుటుంబముల బిడ్డలు. వలసవచ్చినవారి కష్టము మనకు తెలియనిది కాదు కనుక ఆ కథ మనకు త్వరగా తెలియును. అంతకుముందు 1955లో వచ్చిన ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ చిత్రమున తిండికి లోటు లేని యింటి కుర్రవాడు కూడ వీథికి ఎక్కును. తనతో తీరికగా మాటలాడు పెద్దవాడు ఇంట లేకపోవుటయే అతని బాధ.

ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా పట్టణమున ఎస్.ఈ. హింటన్ అను బాలిక, తన పాఠశాలలో ధనికుల బిడ్డలును పేదల బిడ్డలును జట్లు కట్టి కొట్టుకొనుట చూచి ‘ది అవుట్‌సైడర్స్’ అను నవలను వ్రాసినది. అది 1967లో అచ్చుపడెను. కాలిఫోర్నియాలోని ఒక పాఠశాల పిల్లలు, ఆ నవలను చిత్రముగా తీయుడని దర్శకుడు కొప్పొలాకు జాబు వ్రాసిరి. 1983లో ఆయన దానిని తీసెను. ముఠాల కథను వ్రాసినదియు, తెరకెక్కింపుమని కోరినదియు ఈడుపిల్లలే యగుట గమనింపదగినది. పెద్దలు చూడనిదానిని వారు చూచిరి.

బెజవాడ

ఇక తెలుగుదేశమునకు వత్తము. ‘శివ’ చిత్రమునకు మూలమైన యూరు బెజవాడ. కృష్ణానది ఒడ్డున, పెద్ద రైలు కూడలియై, లారీల వర్తకమునకు నెలవై, ఆటోనగరమున యంత్రశాలలు వెలసి, గాంధీనగరమున సినిమా పంపిణీదారుల కార్యాలయములు బారులు తీరి, ఆ యూరు స్వాతంత్ర్యానంతరము మిక్కిలి త్వరగా పెరిగెను. పొలములున్న కుటుంబములు తమ బిడ్డలను చదువులకు బెజవాడకు పంపెను. కళాశాలలు పెరిగెను; వసతిగృహములు పెరిగెను. ఊరు క్రొత్త, స్నేహితులు క్రొత్త, ఇంటి కన్ను దూరము. అట్టి కుర్రవానికి మొదటి నెలలోనే ‘నీవు ఎవరి మనిషివి?’ అను ప్రశ్న ఎదురయ్యెడిది.

డెబ్బదవ దశకమున ఆ యూరిలో కార్మిక సంఘములపై పెత్తనమునకు మొదలైన స్పర్ధ క్రమముగా కళాశాలలలోనికి ప్రాకెను. యునైటెడ్ ఇండిపెండెంట్స్ అను విద్యార్థి సంఘము వంగవీటి వారి పక్షమున నిలిచెను. ఒకనాడు వారితో కలసి నడచిన దేవినేని సోదరులు విడిపోయి, యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ అను వేరొక సంఘమునకు నాయకులైరి. కళాశాల ఎన్నికలలో ఈ రెండు పేర్లే ప్రతిధ్వనించెను. కులాభిమానము దీనికి ఆజ్యము పోసెను. 1974లో వంగవీటి రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988లో దేవినేని మురళి హతులైరి. ఆ 1988వ సంవత్సరముననే డిసెంబరు 26వ తేదీన, నిరాహారదీక్షలో నున్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హతుడయ్యెను. పిమ్మట కోస్తా జిల్లాలలో దహనములును, లూటీలును చెలరేగి, బెజవాడ చాలదినములు కర్ఫ్యూలో మ్రగ్గెను.

వీరిలో ఎవరిది ధర్మము, ఎవరిది అధర్మము అని తీర్పు చెప్పుట ఈ వ్యాసపు పని కాదు. ఉభయ పక్షములకును నేటికిని అభిమానులు కలరు; ఉభయ గృహములందును కన్నీరు కారినది. మనకు కావలసినది వేరొక సంగతి. ఒక విద్యార్థి సంఘమునకు ఎన్నికల ధనము ఎక్కడినుండి వచ్చును? కొట్లాటలో పట్టుబడిన కుర్రవానిని పోలీసు ఠాణానుండి ఎవరు విడిపింతురు? ఆ విడిపించినవాడు మరల ఏమి కోరును? ఈ మూడు ముళ్లలోనే ముఠా పుట్టును. కుర్రవాడు స్నేహమనుకొని చేరును. తరువాత తాను ఋణపడినట్లు తెలిసికొనును.

విజయవాడ ప్రాంతమున 1977లో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసెను. అందు సివిలు ఇంజనీరింగు చదివిన రామగోపాలవర్మ ఈ వాతావరణమును కండ్లార చూచెను. చదువు ముగిసిన తరువాత హైదరాబాదున వీడియో క్యాసెట్ల దుకాణము నడపి, కొన్ని చిత్రములకు సహాయకుడుగా పనిచేసి, తన మొదటి చిత్రమునకు బెజవాడ అనుభవమునే వస్తువుగా తీసికొనెను. కథ నడకకు బ్రూస్ లీ చిత్రమొకటి ఆధారమని ఆయనయే పలుమారులు చెప్పెను. అచ్చట హోటలు, ఇచ్చట కళాశాల. ఎముకలు అరువు తెచ్చుకొన్నవైనను రక్తమాంసములు బెజవాడవే.

చిత్రము

కథ క్లుప్తముగా నిది. శివ అను యువకుడు అన్న యింట నుండి కళాశాలలో చేరును. అచ్చట జె.డి. అను విద్యార్థి నాయకుడు తన ముఠాతో అందరిని బెదరించుచుండును. అతని అండ భవాని అను రౌడీ. భవానికి అండ మాచిరాజు అను రాజకీయ నాయకుడు. ఒకనాడు శివ ఓర్మి నశించి, సైకిలు గొలుసు ఊడబెరికి జె.డి.ని కొట్టును. నాటినుండి కళాశాలలో రెండు ముఠాలు. శివకును స్నేహితులు చేరుదురు, కార్మికులు చేరుదురు. ఆ స్నేహితులలో మల్లి యనువాడు హతుడగును. చివరకు శివ అన్న కూతురు, పసిబిడ్డ కీర్తి, భవాని చేత మరణించును. శివ భవానిని చంపును. తెరపై గెలుపే, ఇంట మాత్రము బిడ్డ లేదు.

నాగార్జునకు జోడు అమల, భవాని రఘువరన్, జె.డి. వేషము వేసిన చక్రవర్తికి నాటినుండి ఆ రెండక్షరములు ఇంటిపేరువలె నిలిచినవి. మల్లి వేషధారి చిన్నా. మాచిరాజు కోట శ్రీనివాసరావు. సంభాషణలు వ్రాసిన తనికెళ్ల భరణి నానాజీ అను పాత్రమునుగూడ ధరించెను. ఛాయాగ్రహణము ఎస్. గోపాలరెడ్డి. సంగీతము ఇళయరాజా, మన రాజపాళయమునకు ఉత్తరమున, ఇవే పడమటి కనుమల అంచున నున్న పణ్ణైపురము ఆయన జన్మస్థలము. నిర్మాతలు అక్కినేని వెంకట్, యార్లగడ్డ సురేంద్ర.

ఆ చిత్రమున నాటివారిని ఆశ్చర్యపరచినవి రెండు. మొదటిది చప్పుడు. అంతవరకు తెలుగు చిత్రములలో కొట్లాట యనగా పెద్ద పెద్ద సవాళ్లు, సంభాషణలు, ఒక్క గ్రుద్దునకు పది యడుగులు ఎగురుట. ఇందు మాట తక్కువ. అడుగుల చప్పుడు, గొలుసు చప్పుడు, వాటి నడుమ భరింపరాని నిశ్శబ్దము. రఘువరన్ కేక వేయక భయపెట్టెను. రెండవది కెమెరా. మోయువాని నడకలోని కుదుపు తెరపై కానరాకుండజేయు స్టెడీకామ్ అను సాధనముతో సందులలో పాత్రల వెంబడి పరుగెత్తి, చూచువానిని గూడ ఆ సందులోనికి లాగెను. ‘ఇది కథ కాదు, మన కళాశాల వెనుక జరుగునదే’ యని యువకులు అనుకొనుటకు ఈ రెండును కారణములు.

ఇంతకంటె గొప్ప సంగతి ఒకటి కలదు. అది జె.డి. పతనము. శివ చేత దెబ్బతిన్న తరువాత జె.డి. భవానికి పనికిరానివాడగును. పనికిరానివానిని భవాని నిలుపుకొనడు. తనవారి చేతనే చంపించును. మొదటి దృశ్యములలో కళాశాలకు రాజువలె తిరిగిన కుర్రవాడు, కథ సగమైన తరువాత ఎవరికిని అక్కరలేని శవమై మిగులును. భవానియు చివరకు మాచిరాజునకు బరువగును. పైవాడు క్రిందివానిని వాడుకొని పారవేయు మెట్లవరుసను తెలుగు తెరపై అంత స్పష్టముగా చూపిన చిత్రము అంతకుముందు అరుదు. కొట్టినవాడెవడు, కొట్టించినవాడెవడు అను మన ప్రశ్నలకు ఈ చిత్రము దాపరికము లేకుండ సమాధానము చెప్పినది. ఇది దాని సుగుణము.

దోషమును గూడ చెప్పవలెను. చూచి వచ్చిన యువకులకు గుర్తున్నది జె.డి. శవము కాదు, శివ చేతి గొలుసు. సైకిలు గొలుసు చేతితో లాగినంతనే తెగునది కాదు. అయినను తెరపై తెగెను. తెగినది గనుక నమ్మిరి. బీదవాని బండి సైకిలు. అందలి గొలుసు అన్యాయము నెదుర్చు ఆయుధమైనదని కొందరు మెచ్చిరి. మెచ్చుట తప్పు కాదు. కాని గొలుసునకు ధర్మాధర్మములు తెలియవు. శివ చేతనున్న గొలుసునే జె.డి. వంటివాడును చేతబట్టగలడు, తాను శివననియే అనుకొనును. ఏ ముఠాలోనైనను తానే జె.డి. నని తలంచు కుర్రవాడు ఒక్కడును ఉండడు.

చిత్రము దాటవేసిన సంగతియు ఒకటి కలదు. బెజవాడ స్పర్ధలో కులమునకు పెద్ద చోటుండెను; చిత్రమున దాని ఊసే లేదు. కొన్ని నెలల క్రిందటనే ఊరు తగులబడిన కాలమున ఆ మాట ఎత్తుటకు ఎవరికైనను జంకు కలుగును. అందువలన బెజవాడ కథ ఏ యూరి కథయైనను కాగల కథయైనది. చిత్రము దేశమంతట తిరుగుటకు అది మేలు చేసెను. 1990 డిసెంబరులో హిందీలో మరల తీసినపుడును అదే పేరు, అదే నాయకుడు. 1993లో ‘గాయం’, 2016లో ‘వంగవీటి’ చిత్రములతో దర్శకుడు మరల ఆ యూరి కథ వద్దకే వచ్చెను. మాననిచోటికే చేయి పోవునందురు.

తమిళనాట

‘ఉదయం’ 1990లో తమిళనాట ఆడినపుడు, అందలి మాటలు తమిళమైనను మనుష్యులు క్రొత్తవారు కారు. రఘువరన్ అప్పటికే తమిళులకు పరిచితుడు. ఇళయరాజా వారింటివాడు. అనువాద చిత్రమను భావము కలుగకుండ ప్రజలు ఆదరించిరి. తెలుగు తల్లిభాషయైన మనవారికి తెలుగు కథ తమిళమున చేరుట విచిత్రమే. అయినను కొన్ని కథలు భాష మార్చుకొన్నను గురుతు పట్టరానివి కావు.

ఈ బాకీని తమిళులు పదునెనిమిదేండ్లకు తీర్చిరి. 2008 జూలైలో శశికుమార్ దర్శకత్వమున ‘సుబ్రమణియపురం’ అను చిత్రము వచ్చినది. కథాకాలము 1980, కథాస్థలము మన పొరుగుననున్న మధుర. పని లేక వీథి చివర కూర్చుండు కొందరు యువకులు, ఎదురింటి మాజీ కౌన్సిలరు కుటుంబము చేసిన చిన్న చిన్న మేళ్లకు కృతజ్ఞులై, వారి కొరకు ఒక హత్య చేయుదురు. చెర కేగుదురు. విడిపింతుమన్నవారు విడిపింపరు. ఆ పిమ్మట పగ, దానికి ప్రతిగా మరియొక పగ. ఆ యింటి కన్నెయే తన ప్రియుని మరణమునకు ఎరగా వాడబడును. అది ‘అనంతపురం 1980’ అను పేర తెలుగునకు వచ్చినది. బెజవాడ కథ తమిళమైనది. మధుర కథ తెలుగైనది. రెండింటను కుర్రవానిని పిలిచి, భుజము తట్టి, పని చెప్పినవాడు పెద్దవాడే. రెండింటను పని ముగిసిన పిదప ముఖము చాటువేసినవాడును పెద్దవాడే.

తమిళనాడు ఇట్టి స్పర్ధకు వెలియైనది కాదు. చెన్నపట్టణమున కొన్ని కళాశాలల విద్యార్థులు తాము ప్రయాణించు బస్సు మార్గముల వారీగా జట్లు కట్టుటయు, ఒక్కొక్క మార్గమునకు ‘తల’ అను నాయకుని ఎన్నుకొనుటయు, జట్టునకును జట్టునకును కొట్లాటలు జరుగుటయు పత్రికలు చదువువారికి తెలిసినదే. తెరపై చూచి నేర్చిరా, ఇదివరకే యున్నదానిని తెర చూపినదా యను వాదము తెగునది కాదు. అద్దమునకును ముఖమునకును వాదము పెట్టి ప్రయోజనమేమి?

చట్టములు, సినిమాలు

ప్రభుత్వములు ఊరకుండలేదు. 1996లో అణ్ణామలై విశ్వవిద్యాలయమున ఒక వైద్యవిద్యార్థి తోటి విద్యార్థి చేత హతుడు కాగా, 1997లో తమిళనాడు ర్యాగింగును నేరముగా ప్రకటించు చట్టము చేసెను. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశమును అట్టి చట్టమునే చేసెను. విద్యార్థి సంఘముల ఎన్నికలను సరిదిద్దుటకై జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఏర్పడిన సంఘము చేసిన సూచనలను 2006లో సర్వోన్నత న్యాయస్థానము అమలుపరుప నాజ్ఞాపించెను. పట్టపు తరగతులవారిలో పదునేడు మొదలు ఇరువదిరెండేండ్ల లోపువారే పోటీచేయవలెను. ఒక్కొక్క అభ్యర్థి వ్యయము 5,000 రూపాయలకు మించరాదు. డెబ్బదియైదు పాళ్ల హాజరు ఉండవలెను. రాజకీయ పక్షముల ధనము తాకరాదు. ఈ నియమములను చదివినపుడు బెజవాడ కథ జ్ఞప్తికి రాకమానదు. ఏండ్ల తరబడి విద్యార్థిగా నిలిచిపోవు నాయకుడు, తెలియని చోటినుండి వచ్చు ధనము, ఈ రెండును ముఠాకు వేళ్లని ఆ సంఘమువారు గ్రహించిరి. ‘శివ’ చిత్రమున చూపబడినదియు అదే.

2025 నవంబరు 14వ తేదీన ‘శివ’ను బొమ్మను, శబ్దమును మెరుగుపరచి మరల విడుదల చేసిరి. తండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని పోయి చూచిరి. ఆ సందర్భమున జరిగిన ఒక చిన్న సంగతి చిత్రముకంటె పెద్దదిగా నాకు తోచినది. చిత్రమున శివ అన్న కూతురిని సైకిలుపై కూర్చుండబెట్టుకొని, కారు తరుముచుండగా సందులలో పారిపోవు దృశ్యము కలదు. మిక్కిలి ప్రసిద్ధమైనది. అపాయకరమైన ఆ చిత్రీకరణమున పసిబిడ్డ భయమును తాను గ్రహింపలేదని, అప్పటి బాలనటికి దర్శకుడు ముప్పదియారేండ్ల తరువాత బహిరంగముగా క్షమాపణ చెప్పెను. పెద్దలు పిల్లలను తమ పనికి వాడుకొనుటను గూర్చి చిత్రము తీసినవాడు, ఆ చిత్రమునందే తానును పెద్దవాడనై యుంటినని ఒప్పుకొనుట! ఆమెయు మన్నించి, ఆ అనుభవము తనకు మంచి జ్ఞాపకమనియే చెప్పినది. అట్లయినను చెప్పవలసిన మాట చెప్పబడినది. ఈ కథలోని పెద్దలలో ఇట్లు చెప్పినవారు ఎందరు? బ్రహ్మనాయుడు చెప్పెనా? మాచిరాజు చెప్పునా?

ముగింపు

పల్నాటి కోడిపందెము మొదలుకొని బెజవాడ ఎన్నికల వరకు, వెరోనా వీథి మొదలుకొని మధుర వీథి వరకు ఒక్క వరుస కానవచ్చుచున్నది. కుర్రవాండ్రకు కోపము సహజము, స్నేహము సహజము, తోడివానికై ప్రాణమిత్తునను తెగువ సహజము. ఈ మూడును మంచి గుణములే. వీనిని చూచి ‘ఈ కాలపు కుర్రవాండ్రు చెడిపోయినారు’ అని నిట్టూర్చుట సులభము. అన్ని కాలముల పెద్దలును ఆ మాట అనియే యున్నారు. ఆ తెగువకు వెల కట్టి కొనువాడెవడని అడుగుట కష్టము. ఏలయన ఆ కొనువాడు తరచుగా మన పరిచితుడు, మన కులస్థుడు, మన సభలలో పూలమాల వేయించుకొనువాడు అయియుండును.

‘శివ’ చిత్రమును మన పిల్లలు చూడరాదని నేను అనను. చూడవలెననియే అందును. వారితో కూడ మనమును కూర్చుండి చూడవలెను. గొలుసు తెగు దృశ్యమున వారు చప్పట్లు కొట్టినచో కొట్టనిండు. జె.డి. చచ్చు దృశ్యము వచ్చినపుడు మాత్రము, ‘వీనిని చంపించినదెవరు? నిన్నటిదాక వీడు ఎవరి మనిషి?’ అని అడుగవలెను. తమిళమున అడిగినను సరియే, తెలుగున అడిగినను సరియే.

సత్రపట్టి మగ్గము తన పని తాను చేయుచునే యుండును. గాయములున్నంతవరకు కట్టుగుడ్డ అవసరము తీరదు. అందులో కొన్ని గాయములైనను తగులకుండ ఆపగలవారము మనమే. ఏలయన కొట్టించువారు మన యీడువారు.